తెలిసిన కథ, తన వాక్యం

(ఆలయ మండపంలో బాలల వేసవి తరగతుల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

పిల్లలకు నాలుగు మంచిమాటలు చెప్పమని నన్ను ఆహ్వానించారు. ఈ నెలరోజులూ వారు మంచిమాటలు చాలానే విన్నారు. కనుక నేడు పిల్లల గురించి పెద్దలతో మాట్లాడదలచాను. పిల్లవాడు తన మనస్సులోని సంగతిని తన సొంత వాక్యంలో వ్రాయగలగాలంటే మనం ఏమి చేయాలి? నా అనుభవంలో దీనికి నీతికథను మించిన సాధనం కనబడలేదు. అయితే కథను చదివించి, చివరి నీతిని వల్లె వేయించి విడిచిపెడితే ప్రయోజనం స్వల్పం. ఆ కథను పిల్లవాని చేత తిరిగి చెప్పించాలి, తిరిగి వ్రాయించాలి. ఈ రెండవ పని మనం దాదాపుగా మానివేశాం.

దానివలన కలిగే నష్టం ఎంతటిదో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో భాషాపండితునిగా పనిచేశాను. పిల్లలకు సెలవు చీటీ నమూనా ఒకటి నేర్పడం అన్నిచోట్లా ఆచారం. జ్వరంగా ఉన్నందున బడికి రాలేకపోయానని దాని సారాంశం. ఏ కారణంతో బడి మానినా పిల్లలు దానినే దించి తెచ్చేవారు. అక్క పెళ్ళికి వెళ్ళినవాడికీ జ్వరమే, నాట్లకు వెళ్ళినవాడికీ జ్వరమే. ఒకసారి ఎనిమిదవ తరగతి బాలుడు పదిహేను రోజుల తరువాత గుండుతో వచ్చాడు. వాడి తండ్రి పోయాడని ఊరందరికీ తెలుసు. చీటీలో మాత్రం జ్వరమని ఉంది. "ఇదేమిటి నాయనా?" అని మెల్లగా అడిగాను. "నాకు ఆ ఉత్తరమొక్కటే వచ్చండీ" అన్నాడు.

వాడు అబద్ధమాడే పిల్లవాడు కాడు. ఎనిమిదేళ్ళు బడిలో చదివాడు, పద్యాలు చక్కగా వప్పజెప్పేవాడు. అయినా బ్రతుకులో అంత పెద్ద సంగతి జరిగినప్పుడు దానిని చెప్పడానికి వాడి దగ్గర ఒక్క సొంత వాక్యం లేదు. రేపు తల్లికి పింఛను కావాలని అర్జీ వ్రాయవలసినవాడు వాడే. పొలం సరిహద్దు తగాదాలో జరిగింది జరిగినట్లు వ్రాసి ఇవ్వవలసినవాడూ వాడే. ఆ వాక్యం లేనివాని తరఫున మరొకరు వ్రాస్తారు. ఏమి వ్రాశారో తెలియకుండానే వాడు సంతకం చేస్తాడు.

మరి "నీ మనస్సులో ఉన్నది వ్రాయి" అంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. అలా అంటే పిల్లవాడు బిత్తరపోతాడు. ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి అనే రెండు బరువులు ఒకేసారి తలమీద పడతాయి. తెలిసిన కథ ఇస్తే మొదటి బరువు దిగిపోతుంది. సింహం బావిలోకి దూకుతుందని వాడికి ముందే తెలుసు. దానిని దూకించడం ఎలాగన్నదొక్కటే వాడి పని. ఈత నేర్చేవాడికి నడుముకు బెండు కట్టినట్లు కథ వాడిని తేలుస్తుంది. చేతులు ఆడించడం మాత్రం వాడే నేర్చుకోవాలి.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. పంచతంత్రం పుట్టిన సందర్భాన్ని స్మరించండి. మహిలారోప్యమనే నగరంలో అమరశక్తి అనే రాజుకు ముగ్గురు కుమారులు, ముగ్గురికీ చదువు అబ్బలేదు. వ్యాకరణానికే పన్నెండేళ్ళు పడుతుందని మంత్రులు లెక్క చెప్పారు. విష్ణుశర్మ వచ్చి, విద్యను అమ్ముకోనని అగ్రహారాలను సైతం నిరాకరించి, ఆరు నెలల్లో వారిని నీతికోవిదులను చేస్తానన్నాడు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై. ఆ లెక్కన నాకింకా కొన్నేళ్ళ వ్యవధి ఉంది!

ఆ తరువాత ఆ కథలను ఎందరు తిరిగి చెప్పారో చూడండి. నారాయణ పండితుడు హితోపదేశం రచిస్తూ, పంచతంత్రం నుంచీ మరొక గ్రంథం నుంచీ గ్రహించి వ్రాస్తున్నానని తానే చెప్పుకున్నాడు. ఐదు తంత్రాలుగా ఉన్నదానిని నాలుగు భాగాలుగా అమర్చాడు. క్రీస్తుశకం 6వ శతాబ్దిలో బుర్జోయ్ అనే వైద్యుడు ఈ కథలను పారశీక దేశపు పహ్లవీ భాషలోకి తీసుకుపోయాడు. 8వ శతాబ్దిలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలో చెప్పినప్పుడు మన కరటక దమనకులే కలీలా దిమ్నాలయ్యారు. తెలుగులో 15వ శతాబ్ది నాటికే దూబగుంట నారాయణకవి పద్యాలలో పంచతంత్రం చెప్పాడు. 1853లో పరవస్తు చిన్నయసూరి మిత్రలాభ, మిత్రభేదాలను తెలుగు వచనంలో నీతిచంద్రికగా వెలయించాడు. తక్కిన సంధి, విగ్రహాలను తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు వ్రాశారు. కొన్ని తరాల తెలుగువారు మంచి వచనమంటే ఏమిటో నీతిచంద్రిక చదివి తెలుసుకున్నారు. అంటే తిరిగి చెప్పిన కథే మనకు వచనం వ్రాయడం నేర్పింది.

పడమటి దేశాలలోనూ ఇదే మార్గం. క్రీస్తుశకం 1వ శతాబ్దిలో రోము నగరంలో బోధించిన క్వింటిలియన్ అనే ఆచార్యుడు, బాలలు మొదట ఈసపు కథలను సరళమైన మాటల్లో నోటితో చెప్పాలనీ, పిదప అంతే సరళంగా వ్రాయాలనీ విధించాడు. ముందు నోరు, తరువాత చెయ్యి అన్న ఆ క్రమాన్ని గమనించండి.

ఇక ముఖ్యమైన అంశానికి వస్తాను. తిరిగి చెప్పడమంటే మాటలు మార్చడం మాత్రమే కాదు. పెద్దలు ఎలా తిరిగి చెప్పారో రెండు కథలలో పోల్చి చూద్దాం.

కర్రను నోట కరచుకుని రెండు హంసలతో ఎగిరిన తాబేలు కథ మీకందరికీ తెలుసు. పంచతంత్రంలో ఆ తాబేలు కింద జనుల కోలాహలం విని, అదేమిటని అడగబోయి, మాట సగంలో ఉండగానే పడిపోతుంది. హితోపదేశంలో పశువుల కాపరులు దానిని చూసి, పడితే ఇక్కడే వండుకు తిందామని ఒకడు, ఇంటికి తీసుకుపోదామని ఇంకొకడు అంటారు. ఆ మాటలకు తాబేలుకు కోపం వచ్చి, మీరు బూడిద తినండని తిట్టబోయి పడుతుంది. కథ ఒకటే, కర్ర ఒకటే, పడడమూ ఒకటే. మొదటి తాబేలును చంపింది కుతూహలం. రెండవ తాబేలును చంపింది కోపం. ఒక్క మాట మారేసరికి తాబేలు స్వభావమే మారిపోయింది.

రెండవది ముంగిస కథ. పసివాడిని పాము బారినుంచి కాపాడిన ముంగిసను, దాని మూతికి అంటిన రక్తం చూసి తొందరపడి చంపిన కథ. పంచతంత్రంలో చంపినది తల్లి. ఆమెకు మొదటినుంచీ ముంగిస మీద అనుమానం ఉంది. నీళ్ళకు వెళుతూ బిడ్డను చూడమని భర్తకు చెబుతుంది, అతడు భిక్షకు వెళ్ళిపోతాడు. తిరిగి వచ్చిన ఆమెకు రక్తంతో ముంగిస ఎదురుపడగానే లోపల ఉన్న అనుమానం నిజమైనట్లు తోచి, నీళ్ళ కుండను దానిమీద వేస్తుంది. హితోపదేశంలో చంపినది తండ్రి. తల్లి స్నానానికి వెళ్ళింది. రాజుగారి నుంచి శ్రాద్ధానికి పిలుపు వచ్చింది. ఆలస్యమైతే ఆ దానం మరొకరికి పోతుందని అతడి ఆరాటం. కొడుకుతో సమానంగా పెంచుకున్న ముంగిసను తానే కాపలా ఉంచి వెళ్ళాడు, తానే వచ్చి చంపాడు. మొదటి కథలో అనుమానం హంతకి. రెండవ కథలో నమ్మినవాడే క్షణంలో నమ్మకం తప్పాడు. ఏది ఎక్కువ దుఃఖకరమో మీరే ఆలోచించుకోండి. పిల్లలను అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతారు. ఎందుకో కూడా చెబుతారు. ఆ "ఎందుకు" దగ్గరే వ్రాత మొదలవుతుంది.

నేను తరగతిలో అనుసరించిన పద్ధతి సులభమైనది. ఏ ఇంట్లోనైనా చేయవచ్చు కనుక వివరిస్తాను.

మొదట పుస్తకం మూసి కథను రెండుసార్లు చెప్పాలి. తరువాత పిల్లలు నోటితో చెప్పాలి. ఒకరు ఆపినచోట మరొకరు అందుకోవాలి. మరునాడు వ్రాయాలి. ఒక రాత్రి గడిస్తే మన వాక్యాలు వారికి మరపునకు వస్తాయి, కథ మాత్రం నిలుస్తుంది. అప్పుడు వ్రాసేది వారి వాక్యమే అవుతుంది. మొదటి ప్రతిలో ఇంటి భాష వచ్చినా అడ్డుపడకూడదు. నీళ్ళు తెచ్చే పాత్రను ఒక పిల్ల కుండ అంటుంది, ఒక పిల్ల బిందె అంటుంది. రెండూ సరైనవే. కాని బిందె అని వ్రాస్తే అది లోహపుది, దెబ్బ మొద్దుగా తగులుతుంది. కుండ అని వ్రాస్తే అది పగలాలి, నీళ్ళు వాకిలంతా పారాలి, ఆ నీళ్ళలో రక్తం కలవాలి. తాను వాడిన మాటకు తానే బాధ్యత వహించాలని పిల్లకు అక్కడ బోధపడుతుంది.

రెండవ మెట్టు ప్రశ్న. పంచతంత్రంలో ఒక పాత్ర నీతివాక్యం చెప్పగానే ఎదుటి పాత్ర "అదెలా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు సమాధానంగానే కథ నడుస్తుంది. నేను ఆ ప్రశ్ననే పిల్లల వ్రాత మీద ప్రయోగించాను. "కుందేలు చాలా తెలివైనది" అని వ్రాస్తే "అదెలా?" అంటాను. అప్పుడు కుందేలు కావాలనే ఆలస్యంగా బయలుదేరిందనీ, సింహం గర్జిస్తున్నా వినయంగా నిలబడి, దారిలో మరొక సింహం అడ్డగించిందని చెప్పిందనీ వ్రాస్తారు. పిదప "తెలివైనది" అన్న మాటను వారే కొట్టివేస్తారు. దానితో ఇక అవసరం ఉండదు.

ఇది మా గురువుల దగ్గర నేర్చిన విద్యే. శబ్దమంజరి, అమరకోశం అయి కావ్యంలోకి ప్రవేశించగానే శ్లోకానికి అన్వయం చెప్పించేవారు. ముందుగా క్రియను పట్టుకో అనేవారు. ఆపైన ఎవడు చేశాడు, దేనిని చేశాడు, దేనితో చేశాడు, ఎటువంటివాడు అని వరుసగా ప్రశ్నించేవారు. ఆ ప్రశ్నలు శ్లోకాన్ని విప్పడానికి ఎంత పనికివస్తాయో, వాక్యాన్ని కట్టడానికీ అంతే పనికివస్తాయి.

మూడవ మెట్టు దిద్దుబాటు. వాక్యం అర్థాన్ని ఇవ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మన శాస్త్రం. ఇవి పండితుల చర్చలకు మాత్రమే అనుకోకండి. పిల్లల నోటుపుస్తకానికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. "ఎండిపోతున్న చెరువులో ఉన్న తాబేలు" అని వ్రాసి చుక్క పెడితే, ఏమి చేసిందన్న ఆకాంక్ష తీరలేదు. "చచ్చిన పాము బుసకొడుతూ పడి ఉంది" అంటే యోగ్యత లేదు. చచ్చినది బుసకొట్టదు. ఒక విద్యార్థిని "రక్తం అంటిన మూతితో తల్లి ముంగిసను చూసింది" అని వ్రాసింది. తరగతి అంతా నవ్వింది, రక్తం తల్లి మూతికి అంటినట్లయింది కదా! చేరవలసిన పదం పక్కన చేరకపోతే వచ్చే చిక్కు అది. "తల్లి, రక్తం అంటిన మూతితో వస్తున్న ముంగిసను చూసింది" అని ఆ అమ్మాయే సవరించుకుంది. సన్నిధి అన్న మాట అర్థం నేను చెప్పనవసరం లేకపోయింది.

ఒక హెచ్చరిక. ఒక ప్రతిలో ఒక్క రకం దోషాన్నే దిద్దాలి. కాగితమంతా ఎర్రసిరా చేస్తే పిల్లవాడు తిరిగి నమూనా చీటీని ఆశ్రయిస్తాడు. అందులో తప్పులు రావు కనుక.

నాలుగవ మెట్టు, కథలో ఒక్కటి మాత్రం మార్చడం. ముంగిసే కథ చెబితే ఎలా ఉంటుంది? పాము చచ్చిన సంగతి చదివేవారికి ముందే చెప్పాలా, తల్లి ఇంట్లోకి అడుగుపెట్టాక చెప్పాలా? ముందే చెబితే ఆమె కుండ ఎత్తుతుండగా మన గుండె కొట్టుకుంటుంది. తరువాత చెబితే ఆమెతో పాటు మనమూ తప్పు చేసినవారమవుతాం. రెండు విధాలా వ్రాసి చూడమంటాను. ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలిసిందన్నది పట్టించుకున్నవాడు రేపు ఏ ఫిర్యాదు వ్రాసినా, ఏ సాక్ష్యం చెప్పినా క్రమం తప్పడు. పైగా వినకుండా, చూడకుండా తీర్పు చెప్పరాదన్న ఆ కథలోని నీతి, ఆ విధంగా వ్రాసేటప్పుడే వాడికి అలవడుతుంది. కథ చివర నీతిని వేరే వాక్యంగా చేర్చమని నేను ఎన్నడూ బలవంతపెట్టలేదు.

ఇక్కడ ఆస్తికులైన పెద్దలకు ఒక సందేహం కలగవచ్చు. పూర్వుల కథను పిల్లలు మార్చవచ్చునా? మన సంప్రదాయం రెంటినీ వేరువేరుగా కాపాడింది. వేదంలో స్వరం సైతం తప్పరాదు. అందుకే పద, క్రమ, జట, ఘన పాఠాలతో అక్షరాక్షరాన్ని బంధించారు. ఈ ఆలయంలో ఉదయం వినబడే పారాయణంలో పిల్లవాడు సొంత మాట చేర్చడానికి వీలులేదు, చేర్చరాదు. నీతికథ అటువంటిది కాదు. అది నోటి నుంచి నోటికి మారుతూనే ఇంతదూరం వచ్చింది. నారాయణ పండితుడు తల్లి స్థానంలో తండ్రిని నిలిపినప్పుడు పంచతంత్రానికి అపచారం జరగలేదు. కంఠస్థం చేయవలసినదానిని కంఠస్థం చేయిద్దాం. తిరిగి చెప్పవలసినదానిని తిరిగి చెప్పిద్దాం. రెండూ నేర్చినవాడికి ధారణా ఉంటుంది, వాక్కూ ఉంటుంది.

ఇక దాతలకు నా విన్నపం. ఏటా మీరు ఉదారంగా నీతికథల పుస్తకాలు పంచుతున్నారు. అది పుణ్యకార్యమే. ఈసారి ప్రతి పుస్తకంతో పాటు ఒక తెల్లకాగితాల నోటుపుస్తకం కూడా ఇవ్వండి. పద్యపఠనానికి ఇచ్చే బహుమతి పక్కన, కథను తన మాటల్లో చెప్పిన బిడ్డకు ఒక బహుమతి పెట్టండి. ఆ కథను ఈ మండపంలోనే ఆ బిడ్డ చేత చదివించండి. తన వాక్యాన్ని పదిమంది విన్నారన్న తృప్తి ఏ బహుమతికీ తీసిపోదు. పదవీ విరమణ చేసిన నావంటి వారు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వారానికి ఒక గంట కూర్చుని పదిమంది పిల్లల కథలు వినడానికి వారు సిద్ధంగా ఉన్నారు. వారికి ఒక చాప, ఒక దీపం చూపించండి చాలు.

యాత్రికులైన తల్లులకు, తండ్రులకు, తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు మరొక మనవి. తిరుగు ప్రయాణంలో బస్సులోనో రైలులోనో నాలుగైదు గంటల సమయం ఉంటుంది. ఒక కథ మీరు చెప్పండి. మీ ఊరు చేరేలోగా అదే కథను బిడ్డ నోట వినండి. మధ్యలో సరిదిద్దకండి. ఆగినచోట "తరువాత?" అనండి, సందేహం వచ్చినచోట "అదెలా?" అనండి. మనవలు అమెరికాలోనో గల్ఫ్ దేశాలలోనో ఉన్నవారు ఫోనులో సగం కథ చెప్పి ఆపండి. మిగిలిన సగం వారం తరువాత వారిని చెప్పమనండి. తెలుగు అక్షరాలు రానివారైతే నోటితోనే చెప్పనివ్వండి. వాక్యం నోట కుదిరితే అక్షరం నేర్పడం పెద్ద పని కాదు.

సభాముఖంగా పిల్లలకు ఒక్క మాట చెప్పి విరమిస్తాను. నాయనలారా, అమ్మలారా, ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరికైనా తాబేలు కథ చెప్పండి. మీ తాబేలు ఎందుకు నోరు తెరిచిందో మీరే నిర్ణయించండి. రేపు దానిని ఎనిమిది వాక్యాలలో వ్రాసి తీసుకురండి. రేపు సాయంత్రం దీపారాధన అయ్యేవరకు నేను ఈ మండపంలోనే ఉంటాను, ఒక్కొక్కరిదీ వింటాను.

స్వామివారి అనుగ్రహం మీ అందరిపై ప్రసరించుగాక. స్వస్తి.